గరికదండ

గాడిద లచ్చన్న ఒకప్పుడు తోడేలు దొరకు బానిస. మెడకు తాడుతోనే గుర్రప్పిల్లలకు పందెం పరుగు నేర్పేవాడు. అవి గెలిస్తే గరికదండ మాత్రం దొర మెడలో పడేది. అడవి జంతువులన్నీ కలిసి ఆ తాడు కోసేశాక కూడా లచ్చన్న పని మానలేదు. ఇప్పుడు ఇష్టంగా నేర్పుతున్నాడు.

ఆ ఏడు అతని శిష్యురాలు చుక్కి గెలిచింది. పాత అలవాటుకొద్దీ తోడేలు మెడ చాచాడు. చుక్కి అతణ్ణి దాటుకుని దండతో లచ్చన్న దగ్గరికి వచ్చింది.

"మెడ వంచు, తాతా."

లచ్చన్న ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "మెడలో మాత్రం ఏదీ వెయ్యకు తల్లీ. కింద పెట్టు."

పెట్టింది. అతను ఓ కొస కొరికి, రెండో కొస చుక్కి వైపు నెట్టాడు.

"అబ్బ, ఎంత కమ్మగా ఉందే! ఇన్నేళ్లూ దీన్ని గడ్డి తిననివాడి మెడలో వేశారా!" అన్నాడు, నోటినిండా నములుతూ.