రెండు స్టిక్కర్లు

కరీంనగర్ దారిలో మూతపడ్డ దాబా వెనక ట్రాలీ ఆటో ఆపి, రాకేశ్ ఐసు డబ్బా మూత తీశాడు. లోపల ముప్పై నాలుగు గాజు ట్యూబులు. ఒక్కోదాంట్లో ఒక్కో పిల్ల నెత్తురు.

అతనికి కావలసినవి రెండే. ఒకటి తన కూతురు హన్వికది. రెండోది అంజన్న కొడుకు సాయిచంద్‌ది.

ఊరి చివర పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే బట్టీ ఉంది. దానివల్ల పిల్లల ఆరోగ్యం పాడవుతోందని ఎవరో పైకి రాశారు. పైనుంచి మనుషులు దిగారు. ఆ పొద్దున బడిలో పిల్లలందరికీ సూదులు పొడిచి నెత్తురు తీశారు. సీసం బాగా ఎక్కువగా ఉన్న పిల్లల కుటుంబాలకు ముందుగా కరీంనగర్‌లో ఇల్లు ఇస్తామని వచ్చిన అధికారి మైకులో చెప్పాడు.

రాకేశ్‌ది రేకుల షెడ్డు. వానొస్తే మంచం మీద మనుషుల కంటే గిన్నెలే ఎక్కువ పడుకుంటాయి. పైగా అది ఊరికి ఈ చివర ఉంది. బట్టీ పొగ అటు తిరిగి కూడా చూడదు. అంజన్న ఇల్లయితే బట్టీ గోడకు ఆనుకునే ఉంది. సాయిచంద్ చీపురుపుల్లలా ఉంటాడు, రోజంతా దగ్గుతాడు. సీసమంటూ ఉంటే వాడి ఒంట్లోనే ఉంటుందని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

'అంజన్నకు పట్నంల ఇల్లెందుకు? నలభై గొర్లను మూడో అంతస్తు ఎక్కిస్తడా?' అనుకున్నాడు రాకేశ్. మందులు ఎలాగూ పిల్లలందరికీ ఇస్తారు. ఆ మాట తనకు తానే రెండుసార్లు చెప్పుకున్నాడు.

ఐసు తడికి స్టిక్కర్లు మెత్తబడి ఉన్నాయి. గోటితో లాగితే చిరగకుండా వచ్చేశాయి. సాయిచంద్ పేరు హన్విక ట్యూబు మీదికి వెళ్ళింది. హన్విక పేరు సాయిచంద్ ట్యూబు మీదికి వచ్చింది. అరగంటలో డబ్బా బస్టాండులోని కార్గో కౌంటరు చేరింది. అక్కణ్ణుంచి ల్యాబుకు హైదరాబాదు బస్సెక్కింది.

డబ్బాను నర్సు జమున అతని చేతికే ఇవ్వడంలో వింతేమీ లేదు. రాకేశ్ రోజూ కరీంనగర్ వెళ్ళి, మెకానిక్ షాపుల్లో పాత బ్యాటరీలు ట్రాలీ నిండా ఎత్తుకొచ్చి బట్టీ దగ్గర దింపుతాడు. అక్కడి కూలీలంతా బీహారు నుంచి ఒంటరిగా వచ్చినవాళ్ళు. ఊరివాళ్ళలో ఆ బట్టీ జీతం తినేది అతనొక్కడే. ఆ రోజు కూడా తిరుగుదారిలో బ్యాటరీలు తెచ్చి దింపాకే ఇంటికి వెళ్ళాడు.

హన్విక ఉరికొచ్చి కాళ్ళకు చుట్టుకుంది. ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు.

"సూదిచ్చుడు అయిపోంగనే ఇంటికొచ్చింది," అంది భార్య రమ. "కడుపునొప్పట. బడి టైముకే లేస్తది గా నొప్పి. నిన్న నేర్చిన అక్షరం ఇయ్యాల మరుస్తుందని పంతులమ్మ మొత్తుకుంటుంది."

"నీ పోలికే."

"అబ్బో! నువ్వు ఐదో తరగతి మూడేండ్లు చదివిన ముచ్చట మీ అవ్వ నాకు చెప్పలేదనుకున్నవా?"

"జర ఆగవే. పట్నంల ఇల్లొస్తే పట్నం బడి. అక్షరాలు అవే వస్తయి."

"ఇల్లు మనకెట్లొస్తదయ్యా? పిల్ల మంచిగనే ఉన్నది గదా."

"వస్తది. ఫికర్ చెయ్యకు," అన్నాడు రాకేశ్.

పన్నెండో రోజు రిపోర్టులు వచ్చాయి. వాటితో పాటు డాక్టర్ వనజ వచ్చింది. ఆమె వెనకే ఒక అంబులెన్సు వచ్చి బడి ముందు ఆగింది.

రాకేశ్ కూతురికి కొత్త గౌను తొడిగించి, వరండాలో అందరికంటే ముందు నిలబెట్టాడు. గొర్లను ఎవరికో అప్పజెప్పి, భుజాన కట్టెతో అంజన్న వచ్చాడు.

"ఏందిరో రాకేశ్, బిడ్డను పెండ్లికి తయారుచేసినట్టు చేసినవ్?"

"పెద్దోళ్ళొచ్చిండ్రు గదనే. జర మంచిగ కనవడాలె," అన్నాడు రాకేశ్.

డాక్టర్ గొంతు సవరించుకుంది. "ముప్పై ముగ్గురికి మందులు ఇక్కడే ఇస్తాం, భయపడాల్సింది లేదు. ఒక్కరికి మాత్రం సీసం చాలా ఎక్కువగా ఉంది. ఈ పూటే ఆసుపత్రిలో చేర్పించాలి. ఆలస్యమైతే మెదడు ఎదగదు. తర్వాత ఎన్ని మందులు మింగించినా పోయింది తిరిగిరాదు."

రాకేశ్ తల తిప్పి సాయిచంద్ వైపు చూశాడు. వాడు స్తంభానికి ఆనుకుని దగ్గుతున్నాడు. రాకేశ్‌కు కాస్త జాలి వేసింది. ఇంటి కాగితాలు చేతికొచ్చాక ఏదో ఒకటి చెప్పి వాణ్ణి కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళవచ్చు. అప్పటిదాకా హన్విక నాలుగు రోజులు అక్కడ పండ్లు తిని వస్తుంది.

"ఇంత సీసం పొగతో రాదు," అంది డాక్టర్. "పాత బ్యాటరీలు మోసేవాళ్ళ బట్టలకు దాని పొడి అంటుకుంటుంది. ఆ బట్టలతోనే ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటారు. ఈ బిడ్డ తండ్రి ఆ పనే చేస్తుండాలి. ఎవరతను?"

రాకేశ్‌కు లోపల నవ్వొచ్చింది. కాగితంలో హన్విక పేరు, పక్కన తండ్రి పని చూసి డాక్టరమ్మ కథ అల్లుతోంది. అల్లనీ. కథ ఎంత గట్టిగా ఉంటే ఇల్లు అంత గట్టి.

కూతుర్ని చంకనెత్తుకుని ముందుకొచ్చాడు.

"నేనే మేడం. ఊరంతట్ల గా పని చేసేది నేనొక్కణ్ణే."

డాక్టర్ అతన్ని ఒకసారి, చేతిలోని కాగితాన్ని ఒకసారి చూసింది.

"అయితే సాయిచంద్ తండ్రి అంజన్న నువ్వేనా?" అంది.