మూడో బొమ్మ

"ఆపకు తమ్మీ, సూపియ్యి," అంది ఐలవ్వ, తెర మీది నుంచి కళ్లు తీయకుండా.

నాగావ్‌లోని ఆ మరమగ్గాల కార్ఖానాలో ఆమె భర్త కనుకయ్య పని చేస్తూ చేస్తూ కూలిపోయి అప్పటికి పదకొండు రోజులు. కెమెరాలు చూసుకునే భీమ్‌రావు ఆనాటి రికార్డింగు పెట్టాడు. ఒక బొమ్మలో కనుకయ్య మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. తర్వాతి బొమ్మలో నేల మీద ఉన్నాడు.

"నడుమ పడుడేది?"

"పది సెకన్లకొక్క బొమ్మనే తీస్తదక్కా ఇది. డిస్కు జల్ది నిండొద్దని గట్ల పెట్టిన."

ఐలవ్వ తెరకు ఇంకా దగ్గరగా జరిగింది.

"గా మోతల ఒర్రితె ఎవలికీ ఇనవడది. సాయం గావాల్నంటె చెయ్యి లేపుతరట గద. లేపిండా?"

భీమ్‌రావు వేలు బటన్ మీదే ఆగిపోయింది.

"లేదక్కా. పడంగనే పానం పోయింది."

ఐలవ్వ కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది, భర్త మొహం తుడిచినట్టే. "తిప్పలవడకుంట పోయిండు. గంతే సాలు," అంటూ లేచింది.

ఆమె గడప దాటాక, పదకొండు రోజులుగా చూస్తున్న మూడో బొమ్మను భీమ్‌రావు మళ్లీ పెట్టుకున్నాడు. అందులో కనుకయ్య చెయ్యి పైకి లేచి ఉంది. అతనికి నాలుగడుగుల దూరంలో నిచ్చెనెక్కి, అటు తిరిగి, ఇంకో కెమెరా అద్దానికి పట్టిన దూదిని శ్రద్ధగా తుడుస్తున్నవాడు భీమ్‌రావే.