బురద బూట్ల పోలీసు

కొత్త తివాచీ మీద బురద బూట్లతో నడిచేవాడికి ఏ శిక్ష వెయ్యాలో మన చట్టాల్లో ఎక్కడా రాయలేదు. దేశానికి అదే పెద్ద లోటంటుంది మా పక్కింటి బెరిల్.

తివాచీది ఆవపిండి రంగు. 1971లో, ఆస్ట్రేలియాలోని మా బెంట్లీ పేటలో అందరి ఇళ్ళలోనూ అదే రంగు.

బురద మాత్రం కాన్‌స్టేబుల్ హొరిగన్‌ది. ప్రతి బుధవారం పదింటికి తెచ్చేవాడు.

బెరిల్ కొడుకు రస్ కోసం.

వియత్నాం యుద్ధానికని ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళను లాటరీ తీసి పట్టేవారు. పుట్టిన తేదీలు గోలీల మీద రాసి పీపాలో వేసి తిప్పుతారు. నీ తేదీ బయటికొచ్చిందా, సైన్యంలోకి పద. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఒక్క లాటరీ తగల్లేదు. ఇది తగిలింది.

రస్ వెళ్ళనన్నాడు. వెళ్ళనంటే జైలు. అందుకని అటకెక్కాడు.

పెంకుల కింద మోకాళ్ళ మీద తప్ప కదలడానికి లేదు. చలికాలం. దగ్గొస్తే దిండు కొరుక్కోవాలి. అలా పద్నాలుగు వారాలు.

పద్నాలుగో బుధవారం నేనక్కడే ఉన్నాను.

"రస్ ఉన్నాడా, మిసెస్ హాలిస్?"

"క్వీన్స్‌లాండ్‌లో అరటితోట పనికి పోయాడని చెప్పానుగా."

"పోయినవారం చెరుకుతోట అన్నారు."

"పక్కపక్కనే ఉంటాయట."

"ఓహో. నేను ఇల్లు చూస్తుంటా, కాస్త టీ ఇస్తారా? చిక్కగా దిగాలి. తొందరేం లేదు."

బెరిల్ వంటింట్లోకి వెళ్ళింది. లామింగ్టన్ కేకుల డబ్బా మూత బిగుసుకుపోయిందని నన్నూ పిలిచింది.

హొరిగన్ టీ తాగాడు. మూడు కేకులు తిన్నాడు. "ఇంట్లో లేడు" అని పుస్తకంలో రాసుకుని పోయాడు.

"వీడి ముక్కు వీడి మొహం మీదే ఉందని కూడా ఎవరో చెప్పాలి" అని నవ్వింది బెరిల్. తర్వాత తివాచీ చూసింది.

"స్టాన్! నీ టైపు మిషను పట్రా. వీడి పైవాళ్ళకి రాస్తాను."

"బెరిల్, అటక మీద మనిషిని పెట్టుకుని..." అన్నాను.

"వాడు పైనున్నాడు. తివాచీ కిందుంది. రెంటికీ ఏం సంబంధం?"

ఆమె చెప్పింది, నేను కొట్టాను. బూట్లు, బురద, కేకులు. అంతటితో ఆగితే బెరిల్ ఎందుకవుతుంది?

"ఇంకో ముక్క కొట్టు. పద్నాలుగు సార్లొచ్చి ఈయన ఒక్కటీ కనిపెట్టలేదు. మేం పన్నులు కడుతున్నాం."

అదీ కొట్టాను. తప్పులు కూడా దిద్దాను.

పై బుధవారం కొత్త పోలీసు వచ్చాడు. గుమ్మంలోనే బూట్లు విప్పాడు.

"చూశావా, పెంపకమంటే అదీ!" అంది బెరిల్ నా చెవిలో.

అతను మేజోళ్ళతో హాల్లోకి నడిచాడు. తలెత్తి పైకప్పు చూశాడు.

"నిచ్చెనుందా అమ్మా?"

నాలుగు నిమిషాల్లో రస్ దిగాడు. గడ్డం నిండా సాలెగూళ్ళు. "కాళ్ళు తుడుచుకోరా" అంది బెరిల్, అలవాటుకొద్దీ.

పదహారు నెలలు జైలు.

72 డిసెంబరులో ప్రభుత్వం మారింది. వచ్చిన వారంలోనే లాటరీ ఆపేశారు, కుర్రాళ్ళను వదిలేశారు. యూనివర్సిటీ ఫీజులు కూడా ఎత్తేస్తామన్నారు. దేశం మొత్తానికి వెల్ల వేసినట్టుంది.

ఇంటికొచ్చిన రస్ సూప్ తాగుతూ అడిగాడు. "హొరిగన్ ఎలా ఉన్నాడమ్మా?"

"ఆ మొద్దా? ఫైళ్ళ గదిలో పడేశారు. ఇప్పుడు చేతకానివాడని ఉద్యోగమే పీకేస్తారట. అంతా మన ఉత్తరం మహిమే!"

"ఉత్తరమా?"

రస్ చెంచా కింద పెట్టాడు. తివాచీ వంక చూశాడు.

"నువ్వు టీ పెట్టడానికెళ్ళిన ప్రతిసారీ ఆయన కుర్చీ ఎక్కి అటక తలుపు తట్టేవాడమ్మా. 'మళ్ళీ బుధవారం పదింటికి. ఈలోగా దిగి కాళ్ళు చాపుకో, ఎవరూ రారు. మీ అమ్మకి మాత్రం చెప్పకు' అనేవాడు. దగ్గు మందు తెచ్చిచ్చింది కూడా ఆయనే."

 

ఇప్పుడు బెరిల్ ఇంకో ఉత్తరం కొట్టమంటోంది. కాగితం ఎక్కించి మూడు రోజులైంది. ఆయన చేతకానివాడు కాదని రాస్తే, కావాలనే వదిలేశాడని తేలిపోతుంది. కొత్త ప్రభుత్వం కుర్రాళ్ళను క్షమించింది గానీ, దొంగ రిపోర్టులు రాసిన పోలీసులను కాదు. రాయకపోతే ఉద్యోగమూ పింఛనూ పోతాయి. విచారణ సోమవారం.

అయ్యా, అమ్మా, మీలో ఎవరికైనా ఏదైనా తోస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. ఏం కొట్టమంటారు?