వాన కారని టెంటు

“ఇది గాదు. దీంట్లకు పాకి పోవాలె,” అంటూ జనార్దన్ మోకాళ్ల మీద వెనక్కి జరిగి టెంటులోంచి బయటపడ్డాడు.

మొయినాబాద్ రోడ్డు మీద క్యాంపింగ్ సామాను అమ్మే షాపు అది. దాన్ని నడిపే సమత అప్పటికే చాలా టెంట్లు విప్పి చూపించింది. ఒక్కటీ నచ్చలేదు ఆయనకు. చేవెళ్లలో పొలాలున్న మనిషి, ఎద్దును కొనేటప్పుడు కూడా ఇంత పరీక్ష చేసి ఉండడు. పక్కనే భార్య ఝాన్సీ మాటిమాటికీ ఫోన్ చూసుకుంటోంది.

“వీకెండ్‌కు అనంతగిరి పోతున్నరా అన్నా? ఎంతమంది ఉంటరు?” అని సమత అడిగింది.

“ముగ్గురు.”

“రెండు రాత్రులకైతే ఇదే మస్తు.”

“రెండు రాత్రులతోని అయ్యే పని గాదు చెల్లె. లోపల పెద్ద పానం ఉంటది. వంగకుంట నడువాలె. మడత మంచం పట్టాలె. దోమ రావద్దు.”

“క్యాంపింగ్‌కు మంచమా!” అని సమత నవ్వింది.

జనార్దన్ నవ్వలేదు. మూలనున్న పెద్ద టెంటును చూపించి విప్పమన్నాడు. అది గదంత ఉంది. నిలబడితే తల తగలలేదు. కిటికీలకు జాలీ, నేలకు కుట్టేసిన షీటు, పైన ఇంకో కప్పు.

“బకెట్ నీళ్లు తే.”

“కొనకముందే తడుపుతవా అన్నా?”

“కొన్నంక కారితే ఎవల మీద పోయాలె?”

షాపు ముందుకు లాక్కొచ్చి, బకెట్ల కొద్దీ నీళ్లు పోశాడు. లోపలికి వెళ్లి కుట్టు కుట్టూ తడిమి చూశాడు.

“ముందే చెప్దామా?” అని ఝాన్సీ మెల్లగా అడిగింది.

“ఒద్దు. ముందే చెప్తే లొల్లి అయితది. అంబులెన్స్ వచ్చినంక నేను చూస్కుంట.”

అంతలో ఫోన్ మోగింది. జనార్దన్ చేతులు తడిగా ఉండటంతో ఝాన్సీ స్పీకర్ పెట్టింది. జనార్దన్ తల్లి గోపమ్మ గొంతు షాపంతా వినిపించింది.

“కొడుకా, ఆ వెంకటరావును దవాఖాన నుంచి ఇంటికి తెస్తున్నరంట! డాక్టర్లు చేతులెత్తేసిన్రంట. కిరాయోళ్ల పానం మనింట్ల పోవుడేంది? అట్లయితే ఆ కప్పు కింద నేనొక్క పూట గూడ ఉండ!”

“సరే అవ్వా, నువ్వు చెప్పినట్లే. టెంట్ తీస్కొస్తున్న.”

వెంకటరావుది ఏలూరు. ఉద్యోగం కోసం ఇటు వచ్చి, రిటైరై, గండిపేటలో ఫ్లాటు కొన్నాడు. అది ఎంతకీ పూర్తి కాలేదు. భార్య సీత, కొడుకు సాయి చరణ్‌తో జనార్దన్ ఇంట్లోనే రెండో పోర్షన్‌లో ఉంటున్నాడు. రెండు పోర్షన్లకూ కప్పు ఒకటే.

అద్దెకున్నవాళ్ల ప్రాణం తమ ఇంట్లో పోకూడదని ఓనర్లు పట్టుబట్టడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. నెలనెలా కిరాయి తీసుకునేటప్పుడు లేని మైల, ప్రాణం పోయేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో! పోయిన వానాకాలం పక్క వీధిలో ఒక పెద్దాయనను ఖాళీ ప్లాటులో టెంటు వేసి పడుకోబెట్టారు. వానకు అది కారింది. తడిసిన దుప్పటిలోనే ఆయన కన్నుమూశాడు. శవం మోసిన వాళ్లలో జనార్దన్ ఒకడు.

సమత ముఖంలో నవ్వు పోయింది. “అన్నా, పానం మీదున్న మనిషిని టెంట్ల పండవెడ్తరా? మేం గూడ కిరాయికే ఉంటం.”

ఝాన్సీ ఏదో అనబోయింది. జనార్దన్ కళ్లతోనే ఆపాడు.

“బిల్లు కొట్టు చెల్లె. ఇదే కావాలె.”

సాయంత్రానికి చేవెళ్లలో, ఇంటి ఎదుట ఉన్న తమ ఖాళీ ప్లాటులో టెంటు లేచింది. వాన నీళ్లు చేరకుండా జనార్దన్ స్వయంగా చుట్టూ కాలువ తవ్వాడు. ఝాన్సీ పరుపులు, దుప్పట్లు, మడత మంచాలు మోసుకెళ్లి లోపల సర్దింది. గోపమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

“మేకులు గట్టిగ కొట్టు కొడుకా. గాలొస్తే లేసిపోతది,” అని సలహా కూడా ఇచ్చింది.

“గట్టిగనే కొడ్తున్న అవ్వా.”

అంబులెన్స్ వచ్చి గేటు ముందు ఆగింది. ముందుగా సీత దిగింది. టెంటును చూసి అక్కడే నిలబడిపోయింది. కళ్లు తుడుచుకుని జనార్దన్ దగ్గరికి వచ్చింది.

“విన్నాం బాబూ, ఇక్కడి పద్ధతి. మీరు రోడ్డు మీద వదిలేయకుండా టెంటైనా వేయించారు. అదే పదివేలు.” ఆమె అంబులెన్స్ వైపు తిరిగింది. “చివరి రోజుల్లో తన గదిలో, తన కిటికీ పక్కన ఉండాలని మాత్రం ఆయన ఒకటే కలవరించారు.”

సాయి చరణ్ సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాడు. స్ట్రెచర్ మోస్తున్నవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, టెంటు వైపు తిరిగారు.

జనార్దన్ వాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. స్ట్రెచర్ కొసను తానే పట్టుకుని ఇంటి వైపు తిప్పాడు. ఝాన్సీ పరుగున వెళ్లి వెంకటరావు గది తలుపులు బార్లా తెరిచింది.

గోపమ్మ కుర్చీలోంచి లేచింది. “ఏందిరా గిది! ఆ ఇంట్ల నేనుండ అని చెప్పిన గద!”

జనార్దన్ నడుస్తూనే తల్లి వైపు చూశాడు.

“మన మంచాలు టెంట్ల ఏసినం అవ్వా.”