చేంజ్‌లాగ్‌కు మేకప్

రాఘవేంద్ర చేసిన దొంగతనానికి తాళాలు పగలగొట్టే పనీ లేదు, గోడలు దూకే పనీ లేదు. ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క లైను ఎక్కువ రాశాడు, అంతే.

అసలు ఆ ప్రోగ్రామ్ రాయమన్నది వాళ్ల ఎండీ సూర్యప్రకాశరావుగారే. ఆయన మూడు సినిమాలు తీసి, మూడూ ఆడక, ఫిల్మ్‌నగర్‌లోని ఆ సినిమా ఆఫీసులోనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. సినిమా స్క్రిప్టులు బయటికి పొక్కకుండా నటీనటుల ఫోన్లలో భద్రంగా చూపించే యాప్ వాళ్లది. వ్యాపారం మారినా ఆయన అలవాట్లు మారలేదు. కొత్త వెర్షన్ పూర్తయితే గుమ్మడికాయ కొట్టాల్సిందే. యాప్‌లో ఏమేం మారాయో రాసే చేంజ్‌లాగ్‌ని మిగతా కంపెనీలు ఏ మూలో పడేస్తాయి. ఈయన మాత్రం ఏ పని ఎవరు చేశారో పేర్లతో సహా ఫ్లెక్సీ కొట్టించి గేటుకి కట్టిస్తారు. ఆయన లెక్కలో అవి టైటిల్ కార్డులు.

ఆ ఫ్లెక్సీతోనే తలనొప్పి వచ్చింది. ఒకరు తేదీ ముందు రాస్తారు, ఒకరు వెనక. ఒకరు చుక్క పెడతారు, ఒకరు గీత.

“టైటిల్స్ వంకరగా పడ్డ సినిమా ఆడినట్టు ఎక్కడైనా విన్నావా బాబూ?” అని ఎండీగారు రాఘవేంద్రని పిలిచి, చేంజ్‌లాగ్‌ని దానంతటదే పరీక్షించి, తప్పులుంటే దిద్దిపెట్టే ప్రోగ్రామ్ రాయమన్నారు. దానికి మేకప్‌మ్యాన్ అని నామకరణం కూడా ఆయనే చేశారు.

మేకప్‌మ్యాన్ తేదీలు సరిచేసింది. చుక్కల్ని వరసలో నిలబెట్టింది. పనిలో పనిగా, తోటి ఉద్యోగిని మనోజ్ఞ పేరు ఎక్కడ కనిపించినా తుడిచేసి రాఘవేంద్ర అని పెట్టింది. ఆ ఎక్కువ లైను చేసే పని అదే.

జూబ్లీహిల్స్‌లో కొత్త బ్రాంచి పెడుతున్నారు మరి. ఈ వెర్షన్ ఫంక్షన్‌లోనే దాని భాగస్వామిని ప్రకటిస్తానన్నారు ఎండీగారు. ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ఎక్కువ పడితే వాళ్లదే ఆ అదృష్టం. నిజానికి ఆఫీసు పనిలో ముప్పాతిక మనోజ్ఞ చేసేది. కృష్ణానగర్‌లో ఇరుకు గది. అటూ ఇటూ గదుల్లో జూనియర్ ఆర్టిస్టులు డైలాగులు బట్టీపడుతుంటే, ఆ గోలలోనే కూర్చుని ఇంటిదగ్గర కూడా పని చేసేది. ఆ బ్రాంచి మీదే ఆశలన్నీ పెట్టుకుంది.

“ఏంటండీ, నా పేరు ఒక్కసారి కూడా పడట్లేదు?” అని అడిగిందొకరోజు.

“ఆటోమేటిక్ కదమ్మా! నువ్వు రాసే పద్ధతిలోనే ఏదో లోపం ఉండుంటుంది.”

పోయి ఎండీగారికి చెప్పుకుంది. ఆయన గేటు వైపు చెయ్యి చూపించి, “టైటిల్స్‌లో పేరు లేకపోతే పని చెయ్యనట్టేనమ్మా, ఇండస్ట్రీ రూలు” అన్నారు.

మనోజ్ఞ తిరిగొచ్చి, “అయితే నేనేం రాసినా మీ పేరే పడుతుందన్నమాట” అంది. వెళ్లి తన సీట్లో కూర్చుని టైపు చేసుకోసాగింది. నోట్లో నాలుక లేని పిల్ల అని రాఘవేంద్ర లోపల్లోపల జాలిపడ్డాడు కూడా. దొంగకి జాలి వేస్తే సొమ్ము తిరిగిస్తాడా ఏమిటి!

ఫంక్షన్ రోజు సాయంత్రం ఆఫీసు ముందు షామియానా వేశారు. గుమ్మడికాయ పగిలింది. ఎండీగారు మైకు పట్టుకుని, పనుల జోలికి పోకుండా ఫ్లెక్సీ మీద పేర్లు మాత్రం చదివారు.

“రాఘవేంద్ర... రాఘవేంద్ర... మళ్లీ మన రాఘవేంద్ర!”

చప్పట్లు మోగాయి. శాలువా భుజాల మీద పడింది. “జూబ్లీహిల్స్ బ్రాంచిలో నా భాగస్వామి...” అని ఆయన అంటుండగా గేటు దగ్గర బూట్ల చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్. వెలుతురు ఎటు పడుతోందో చూసుకుని మరీ నిలబడి, నల్లకళ్లద్దాలు తీశాడు.

“నేరస్థుడు నేరాన్ని మర్చిపోవచ్చు. నేరం మాత్రం వాణ్ణి మర్చిపోదు!” అన్నాడు. “ఓ పెద్ద హీరో సినిమా క్లైమాక్స్ మీ యాప్‌లోంచి లీకైంది. దానికి దొంగదారి పెట్టింది ఎవడు?”

మనోజ్ఞ మెల్లగా ఫ్లెక్సీ అడుగున ఉన్న లైను చూపించింది. చుక్క చుక్క కింద, తేదీ తేదీ కింద, ముచ్చటగా దిద్ది ఉంది: ‘కొత్తగా చేర్చినది: పాస్‌వర్డ్ లేకుండా స్క్రిప్టు మొత్తం బయటికి పంపే సౌకర్యం. రాఘవేంద్ర.’

రాఘవేంద్ర ఆ లైను చదవడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ తన పేరు చూసుకుని మురిసిపోయాడే గానీ, దాని ముందు ఏముందో చూస్తేగా!

“ఇది నేను చెయ్యలేదు సార్!”

“మిగతావన్నీ చేశావు, ఇదొక్కటీ చెయ్యలేదా?” ఇన్‌స్పెక్టర్ బేడీలు తీశాడు.

వాటిని చూడగానే రాఘవేంద్ర, ఎదురుగా మైకు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి గావుకేక పెట్టాడు.

“ఏదీ నేను చెయ్యలేదు! మనోజ్ఞ పేరు తీసేసి నా పేరు పెట్టమని మేకప్‌మ్యాన్‌లో నేనే రాశాను! పనంతా ఆ పిల్లదే, ఆ దొంగదారి కూడా దానిదే! పట్టుకుంటే దాన్ని పట్టుకోండి!”

ఎండీగారు వచ్చి రాఘవేంద్ర భుజాల మీంచి శాలువా తీసేశారు.

“నిజమేనామ్మా?” అన్నారు మనోజ్ఞతో.

“పనంతా నాదేనండీ. దొంగదారి మాత్రం యాప్‌లో ఎక్కడా లేదు, ఆ ఫ్లెక్సీ మీదే ఉంది.”

“మరి లీకైందన్నారు?” రాఘవేంద్ర అయోమయంగా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

అతను టోపీ తీసి, చెమట తుడుచుకుని, మనోజ్ఞని చూసి నవ్వాడు.

“మంచిగొచ్చిందా అక్కా? ఇంకో టేక్ లేకుంటే నేను జల్ది పోత, గీ యూనిఫాం కిరాయిది, పొద్దుగూకక ముందే కృష్ణానగర్ల దుకాణపాయనకు అప్పజెప్పాలె.”