బాదం దొంగ

మూడో సీసా కూడా సగానికి వచ్చింది.

మొదటి సీసా తగ్గినప్పుడు తానే సరిగ్గా నింపలేదేమో అనుకుంది ఝాన్సీ. రెండోది తగ్గినప్పుడు, పిల్లికి మూత తీయడం రాదు కదా అనుకుంది. మూడోసారి అనుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇంట్లో దొంగ ఉన్నట్టే.

కనకమామిడిలో ఝాన్సీ ఇంటినుంచి వెళ్లే బాదం బటర్‌కు అజీజ్‌నగర్ ఫామ్‌హౌజుల్లో మంచి పేరుంది. బెల్లం, యాలకులు వేసి మెత్తగా పట్టి, గాజు సీసాల్లో నింపి, ఇంగ్లిష్ అక్షరాల కాగితం అంటిస్తుంది. పట్టేటప్పుడు మాత్రం వంటింటి తలుపు మూసుకుంటుంది. చూస్తే తన పద్ధతి ఎవరైనా నేర్చుకుపోతారని చెబుతుంది.

భర్త బాల్‌రాజ్ పొద్దున్నే చేవెళ్లలోని ఎరువుల దుకాణానికి వెళ్లిపోతాడు. అత్త సుగుణమ్మకు పూజ, జపం తప్ప వేరే లోకం లేదు. ఆమె నియమాలు ఆమెవి, ఝాన్సీ ఏనాడూ అడిగింది లేదు. ఇక మిగిలింది సీసాలు కడిగి కాగితాలు అంటించే నీలమ్మ.

"ఆ అల్మార కాడికి నువ్వు తప్ప ఎవరొస్తరు, చెప్పు," అంది ఝాన్సీ సగం సీసా పట్టుకుని వాకిట్లో నిలబడి.

"నేను ముట్టలేదక్క. దాని రుచే నాకు తెల్వదు."

"రుచి తెల్వకుంటనే మూడు సీసలు సగం జేసినవా?"

సరిగ్గా అప్పుడే గేటు ముందు గీతాంజలి కారు ఆగింది.

గీతాంజలిది అజీజ్‌నగర్‌లో పెద్ద ఫామ్‌హౌజు. అక్కడ వచ్చే వారం యోగా క్యాంపు ఉంది. వచ్చేవాళ్లకోసం ఇరవై సీసాలు చెప్పింది. నీలమ్మ భర్త చెన్నయ్య అక్కడే వాచ్‌మన్. గేటు పక్క గదిలోనే ఆ మొగుడూ పెళ్లాల కాపురం. ఈ సంగతి తెలిసి కూడా ఝాన్సీ నోరు ఆపుకోలేదు.

"ఏమనుకోకండి మేడం, మూడు తక్కువున్నయి. ఇంట్ల దొంగ పడ్డది." నీలమ్మ వైపు చూపించింది. "బాదం నానవెట్టి, ఒక్కొక్క గింజ పొట్టు తీసి, నీడకు ఆరవోసి, సన్న మంట మీద ఏంచాలె. మిక్సీ వేడెక్కకుంట ఆపుకుంట ఆపుకుంట పట్టాలె. నూనె బయటికొచ్చేదాక గంట పడ్తది. గంత కష్టం నేను జేస్తె, ఈమె చెంచ వట్టుకోని నాకుతున్నది."

గీతాంజలి ముఖం మారింది. "నీలమ్మా, నువ్వా? మా ఇంటి తాళాలన్నీ చెన్నయ్య దగ్గరే ఉంటాయి. ఇలాంటిది విన్నాక నేనెట్లా నమ్మాలి? ఇది నిజమైతే గది ఖాళీ చేసి వెళ్లిపోండి."

"ఆయన ఏం జేసిండు మేడం?" అంది నీలమ్మ. "నేను తినలే. దీపం ముట్టి చెప్త."

"ముట్టు మరి," అంది ఝాన్సీ. "దేవుని అర్ర లోపల్నే ఉన్నది."

ప్రమాణం అంటే నింద పడ్డవాళ్లే దీపం ముట్టాలి. నింద వేసినవాళ్లు కూడా ముట్టాలని పెద్దలు ఎందుకు చెప్పలేదో మరి.

నీలమ్మ లోపలికి వెళ్లి దేవుని అర్ర తలుపు తోసింది. జపం చేసుకుంటున్న సుగుణమ్మ కళ్లు తెరిచేసరికి, నీలమ్మ చెయ్యి దీపం మీదికి వస్తోంది. చటుక్కున పట్టుకుంది.

"ఏందే, మంట మీద చెయ్యి వెడ్తున్నవ్?"

"ఒట్టు వెట్టుకుంటున్న అవ్వ. సీసలల్లది నేనే దొంగతనంగ తిన్ననంట."

సుగుణమ్మ జపమాల పక్కన పెట్టింది. పట్టుకున్న చెయ్యి వదలకుండా నీలమ్మను వాకిట్లోకి తీసుకొచ్చింది.

"కోడల, దీన్నేమనకు. తిన్నది నేను."

ఝాన్సీ సీసానూ అత్తనూ మార్చి మార్చి చూసింది.

"జపం అయినంక రోజొక్క చెంచ తింటున్న. పండ్లు ఊడినంక ఏదీ నమలరాకుంటైంది. ఇదైతె నోట్ల ఏసుకుంటె ఎన్నపూస తీర్గ కరుగుతది. ఒకటి రెండైంది, రెండు మూడైంది. ఈ వయసుల నాలుకను ఆపుకోలేకపోయిననని నీకు చెప్ప సిగ్గయింది. దేవునికైతె రోజు చెప్తనే ఉన్న."

గీతాంజలి పకపకా నవ్వింది. తర్వాత నీలమ్మ దగ్గరికి వెళ్లి, "తొందరపడ్డాను, మనసులో పెట్టుకోకు. మీ గది ఎక్కడికీ పోదు," అంది. నీలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అడిగితె నేనే ఒక సీస ఇయ్యనా అత్తమ్మ," అంటూ ఝాన్సీ కూడా నవ్వింది.

"నిజం చెప్పాలా ఝాన్సీ," అంది గీతాంజలి. "నాకు లోపల చిన్న డౌటుండేది. ఇంట్లో చేశామని చెప్పి జనం ఏవేవో అమ్ముతున్నారు కదా. ఇంత నిష్ఠగా ఉండే పెద్దావిడ రోజూ తింటున్నారంటే ఇంక వేరే సర్టిఫికెట్ ఎందుకు? ఇరవై కాదు, నలభై సీసాలు చెయ్యి."

ఝాన్సీ ముఖం వెలిగిపోయింది.

గీతాంజలి ఝాన్సీ చేతిలోని సగం సీసా తీసుకుని సుగుణమ్మ చేతిలో పెట్టింది. "మొహమాటపడకుండా తినండి పెద్దమ్మా. ఈ వయసులో బాదం ఒంటికి చాలా మంచిది."

"బాదమా? కాశీకి పోయినోళ్లు ఏదన్న ఒకటి విడువాలె గద బిడ్డ, పోయినేడు నేను బాదమే విడిచి వచ్చిన," అంది సుగుణమ్మ బోసినోటితో నవ్వుతూ. "ఇది వట్టి పల్లీల ముద్ద గన్కనే తింటున్న."