ఢావ్లోకి అర్థాలు

మరిపెడ దగ్గరి తండాలో అనిత తన నానమ్మ రామిని ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. కాలేజీ ప్రాజెక్టు కోసం నిన్న రామి పాడగా రికార్డు చేసిన లంబాడీ పాట, ఢావ్లో, తెర మీద అలలుగా కదులుతోంది. పెళ్లికూతురు అత్తారింటికి వెళ్తూ అయినవాళ్లను పట్టుకొని ఏడ్చే పాట అది. ఎవరిని పట్టుకుంటే వాళ్ల వరసతోనే ప్రతి చరణం ముగియాలి. పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కనుక, నిన్న రామి మనుమరాలినే పట్టుకొని పాడింది.

పాటను కోసి అతికించే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ అలల కింద అనిత తెలుగు అర్థాలు రాసింది. చివరి మాట ఎలాగూ ఒకటే కదా అని, వినకుండానే ‘మనుమరాలా’ అని అన్నిటికీ అతికించింది. మధ్యలో తను ఫోన్లో మాట్లాడిన ముక్కను కోసేసింది.

“ఏం రాసినవో చదువు బిడ్డా,” అంది రామి.

అనిత గర్వంగా చదివింది.

“ఫోనొచ్చినంక నేను గట్ల పాడలే. జర మల్ల ఇను.”

అనిత వినిపించింది. కోత తర్వాతి చరణం లంబాడీలో ‘పక్కింటి పిల్లా’ అని ముగిసింది. ఆ తర్వాతిదీ అంతే. చివరిదాకా అంతే.

నిన్న హాస్టల్ స్నేహితురాలు ఫోన్ చేసి, ఆ ఏడుపు ఎవరిదని అడిగింది. రామి చేతుల్లో ఉండగానే అనిత నవ్వుతూ చెప్పింది: “మా పక్కింటి లంబాడీ ముసలామె.”

ఇప్పుడు అనిత తల ఎత్తలేకపోయింది. రామి ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఆమె వైపు జరిపింది.

“ఉన్నదున్నట్టు రాయి. నీ చదువు ఖరాబ్ గావద్దు.”